ఆగిపోయే కంప్యూటర్ - ఆగకూడని చేతులు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండి అనగానే మాలాంటి పాతవాళ్లం సాధారణంగా జ్ఞాపకాలు రాస్తాం. నీళ్లచారు, ట్రంకు పెట్టెలు, తెల్లవారుజామున ట్యాంకు దగ్గర బకెట్ల వరుస, రాత్రి హాజరు. అవన్నీ మాకూ గుర్తున్నాయి. అయితే ఈసారి వాటిని పక్కన పెట్టి, మీకు రేపు పనికొచ్చే ఒక విషయం మీద మా అభిప్రాయం చెప్పదలిచాం. ఇంట్లో కొత్తగా బిగించుకున్న కంప్యూటర్ ఆన్ చేయగానే ఆగిపోతుంటే ఏం చేయాలి అన్నదే ఆ విషయం.

"ఇందులో అభిప్రాయం ఏముంది అన్నా, ఇది మెకానిక్ పని కదా" అని మీరు అనవచ్చు. సరిగ్గా ఆ మాట దగ్గరే మా పేచీ. ఇది మెకానిక్ పని అని మనం చేతులు ముడుచుకున్న క్షణం నుంచే మన జేబులోని డబ్బు కదలడం మొదలవుతుంది. డబ్బుతో పాటు ఇంకొకటి కూడా పోతుంది. "ఇది మనవల్ల అయ్యే పని కాదు" అన్న భావం మనసులో గూడు కట్టుకుంటుంది. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. ఆ భావాన్ని వదిలించుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

మేము చదువుకున్న రోజుల్లో కంప్యూటర్ అంటే తాళం వేసిన గదిలో ప్లాస్టిక్ కవరు కప్పుకుని కూర్చున్న వస్తువు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. మౌసు పట్టుకోవడానికే వంతులు. ఆ తర్వాత డీసీఏ, పీజీడీసీఏ కోర్సులని ఫీజులు కట్టి నేర్చుకున్నాం. అక్కడ కూడా తెర మీద కనబడేది నేర్పారు గానీ పెట్టె లోపల ఏముందో చూపించలేదు. ఇప్పుడు రోజులు మారాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, దగ్గరి పట్నంలోని దుకాణానికో వెళ్లి ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, కేబినెట్ విడివిడిగా తెచ్చుకుని, ఫోన్లో వీడియో చూసి ఇంట్లోనే బిగించుకునే పిల్లలు మన హాస్టల్లోనే ఉన్నారు. ఇది మాకు గర్వకారణం. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు కదా! స్విచ్ నొక్కగానే ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతుంది. లేదా నాలుగు సెకన్లు వెలిగి ఆరిపోతుంది. లేదా విండోస్ వచ్చేదాకా వచ్చి టక్కున పడిపోతుంది. అక్కడే గుండె జారిపోతుంది.

ఆగిపోవడం అంటే పాడైపోవడం కాదు

మా మొదటి మాట ఇది. ఆగిపోతున్న కంప్యూటర్ చాలాసార్లు చెడిపోయిన కంప్యూటర్ కాదు, తనను తాను కాపాడుకుంటున్న కంప్యూటర్.

మీలో వ్యవసాయం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు బోరు మోటారు స్టార్టరు సంగతి తెలుసు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, మోటారు బిగుసుకుపోయినా స్టార్టరు పడిపోతుంది. అందులోని ఓవర్‌లోడ్ రిలే వేడెక్కి సరఫరాను తెంచేస్తుంది. అది పడిపోతున్నదని విసుగొచ్చి పుల్ల ఇరికించినవాళ్లనూ చూశాం, ఆ తర్వాత మోటారు కాలిపోయి వైండింగుకు వేలు పోసినవాళ్లనూ చూశాం. తెలివైన రైతు స్టార్టరును తిట్టడు. అది ఎందుకు పడిందని చూస్తాడు.

కంప్యూటర్‌లోనూ అదే తంతు. ఇంటెల్ సంస్థ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ అనే పద్ధతి ప్రకారమే ఇప్పటికీ మన ఇళ్లలోని డెస్క్‌టాప్‌లలో ఎక్కువ భాగం నడుస్తున్నాయి. ఆ పద్ధతిలో ముందున్న స్విచ్ నేరుగా కరెంటును కలపదు. అది మదర్‌బోర్డుకు ఒక సైగ మాత్రమే చేస్తుంది. బోర్డు ఎస్‌ఎంపీఎస్‌ను లేపుతుంది. ఎస్‌ఎంపీఎస్ తన 12, 5, 3.3 వోల్టుల సరఫరాలు సరిగ్గా నిలబడ్డాయని చూసుకున్నాక "అంతా బాగుంది" అని బోర్డుకు ఒక సంకేతం పంపుతుంది. ఆ సంకేతం వస్తేనే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది. ఎక్కడైనా షార్టు ఉన్నా, లాగే కరెంటు హద్దు మీరినా ఎస్‌ఎంపీఎస్ కట్ చేసుకుంటుంది. ప్రాసెసర్ మరీ వేడెక్కితే, ముందు తన వేగం తగ్గించుకుని చూస్తుంది, అప్పటికీ కాకపోతే మొత్తం యంత్రాన్ని ఆపేయిస్తుంది. అంటే ఆగిపోవడం ఒక సమాచారం. ఆ సమాచారం చదవడం రానప్పుడే అది మనకు శాపంలా కనిపిస్తుంది.

ముందు గడియారం చూడండి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు గడియారం పట్టుకోవాలని మేము గట్టిగా నమ్ముతున్నాం. ఎన్ని సెకన్లకు ఆగుతోంది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం దారి తెలిసినట్టే.

సెకను లోపలే, ఫ్యాను ఒక్క చుట్టు తిరగగానే ఆగితే షార్టు మీద మొదటి అనుమానం. కేబినెట్ రేకుకు బోర్డు వెనక భాగం ఎక్కడో తగులుతూ ఉండవచ్చు, ఎస్‌ఎంపీఎస్ దాన్ని పసిగట్టి కట్ చేసుకుంటూ ఉండవచ్చు.

సుమారు నాలుగైదు సెకన్లకు, ప్రతిసారీ అంతే సమయానికి ఆగితే ముందు స్విచ్‌నే అనుమానించాలి. పవర్ బటన్‌ను నాలుగు సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే కంప్యూటర్ ఆగిపోవాలన్నది దాని నిర్మాణంలోనే ఉంది. కొత్త కేబినెట్‌లో బటన్ లోపలికి ఇరుక్కుపోయి పైకి రాకపోతే, మనం వేలు తీసినా అది నొక్కినట్టే ఉంటుంది. వంద రూపాయల విలువ కూడా లేని ఈ బటన్ కోసం బోర్డు మార్చేస్తారు కొందరు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఇదే.

పది సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాల లోపు ఆగి, వెంటనే మళ్లీ ఆన్ చేస్తే ఇంకా తొందరగా ఆగిపోతుంటే అది వేడి. హీట్‌సింక్ ఒక మూల సరిగ్గా కూర్చోకపోవడం, థర్మల్ పేస్ట్ వేయకపోవడం, హీట్‌సింక్ అడుగున అంటించి వచ్చే పలుచని ప్లాస్టిక్ పొరను తీయకుండానే బిగించేయడం, ఫ్యాను తీగ పెట్టకపోవడం, వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది.

గంటల తరబడి మామూలుగా నడిచి, ఆటో వీడియో ఎడిటింగో మొదలుపెట్టగానే పడిపోతే, ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం చాలడం లేదేమో, గ్రాఫిక్స్ కార్డు వేడెక్కుతోందేమో చూడాలి. ఏ లెక్కా లేకుండా, ముఖ్యంగా సాయంకాలం పూట పడిపోతుంటే గోడలోని కరెంటును అడగాలి. మన దేశంలో ఇంటి సరఫరా 230 వోల్టులని పుస్తకాల్లో ఉంటుంది. ఎండాకాలం మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయిన ఊళ్లో ఎంత వస్తుందో మీకే తెలుసు. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు 100 నుంచి 240 దాకా తట్టుకుంటాయి. కొన్నింటి మీద 200 నుంచి 240 అని మాత్రమే రాసి ఉంటుంది. ఆ చీటీ చదవకుండా బోర్డును నిందించడం ధర్మం కాదు.

ఇక కొన్ని ఆగడాలు జబ్బే కాదు. కొత్త బోర్డులు కొన్ని మొదటిసారి ఒకటి రెండు మార్లు తమంతట తామే ఆగి మళ్లీ మొదలవుతాయి. డీడీఆర్5 ర్యామ్ వేసిన కొత్త యంత్రాలు మొదటిసారి తెర నల్లగా పెట్టి కొన్ని నిమిషాలు ఊరుకుంటాయి. ర్యామ్‌ను పరీక్షించుకుంటూ సర్దుకుంటాయి. ఓపిక పట్టకుండా మధ్యలో ప్లగ్గు పీకేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఒక్కొక్కటిగా, రాసుకుంటూ

మా రెండో మాట పద్ధతి గురించి. హాస్టల్లో ఎంసీబీ పడిపోయినప్పుడు మనం ఏం చేసేవాళ్లం? అన్ని రూముల స్విచ్‌లూ ఆపేసి, ఎంసీబీ పైకెత్తి, ఒక్కో రూము స్విచ్ వేసుకుంటూ వచ్చేవాళ్లం. ఏ రూము దగ్గర మళ్లీ పడిందో ఆ రూములో ఎవరో దొంగచాటుగా పెట్టుకున్న హీటరు దొరికేది! కంప్యూటర్‌కూ అంతకన్నా గొప్ప శాస్త్రం అక్కర్లేదు. అన్నీ తీసేయాలి, ఒక్కొక్కటే పెట్టుకుంటూ రావాలి. ఒకేసారి మూడు మార్పులు చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

మేము పాటించే వరుస ఇది. దీన్ని ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ప్రతి అడుగు పక్కన ఏం చేశారు, ఎన్ని సెకన్లు నిలిచింది అని రాయండి.

మొదటిది జాగ్రత్త. లోపల చెయ్యి పెట్టే ముందు గోడ స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటును వదిలించాలి. కేబినెట్ రేకును ఒకసారి ముట్టుకుని, ఒంటిలోని స్థిర విద్యుత్తును పోనివ్వాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్లలో మూడు వందల వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. ధైర్యం వేరు, తెగింపు వేరు.

రెండోది గోడ. ఎక్స్‌టెన్షన్ బాక్సు, పాత యూపీఎస్ తీసేసి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి చూడాలి. వీలైతే పక్కింట్లో పెట్టి చూడాలి. కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటే ఎర్తింగ్ లేనట్టు. అది ముందు సరిచేయించాలి.

మూడోది తీగలు. బోర్డుకు వెళ్లే 24 పిన్నుల పెద్ద కనెక్టరు టక్కుమనేదాకా కూర్చుందా? ప్రాసెసర్ పక్కన ఉండే నాలుగు లేదా ఎనిమిది పిన్నుల కనెక్టరు పెట్టామా? ఈ రెండోది చాలామంది మరిచిపోతారు. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే ఎనిమిది పిన్నుల తీగ చూడటానికి దీనిలాగే ఉంటుంది, కానీ అది వేరు. బలవంతంగా దూర్చకూడదు. తీగలు విడిగా ఊడివచ్చే ఎస్‌ఎంపీఎస్ అయితే మరో కంపెనీ తీగ తెచ్చి పెట్టడం అసలే పనికిరాదు. ఈ చివర కనెక్టరు ఒకలాగే ఉన్నా, ఆ చివర పిన్నుల వరుస వేరుగా ఉండి సామాను కాలిపోతుంది.

నాలుగోది బటన్. కేబినెట్ నుంచి బోర్డుకు వచ్చే పవర్ స్విచ్ తీగను ఊడదీసి, బోర్డు మీద ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపి వదిలేయాలి. యంత్రం నిలబడితే దొంగ దొరికినట్టే.

ఐదోది తగ్గింపు. హార్డ్ డిస్కులు, యూఎస్‌బీ సామాను, గ్రాఫిక్స్ కార్డు అన్నీ తీసేసి, బోర్డు, ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒకే ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే ఉంచి చూడాలి. ఒక ర్యామ్‌తో కాకపోతే రెండోదానితో, ఒక స్లాటులో కాకపోతే మరో స్లాటులో. పేరు చివర "ఎఫ్" అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో బొమ్మ చూపించే భాగం ఉండదు కాబట్టి కార్డు తీసేస్తే తెర వెలగదు. అప్పుడు తెరను కాదు, ఫ్యాను నిలబడుతోందా లేదా అన్నది మాత్రమే చూడాలి. బోర్డు మీద చిన్న లైట్లు ఉంటే అవి సీపీయూ దగ్గర ఆగాయా, ర్యామ్ దగ్గర ఆగాయా అన్నదీ రాసుకోవాలి.

ఆరోది అట్టపెట్టె. బోర్డును కేబినెట్ నుంచి బయటకు తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి నడపాలి. బయట నిలబడి లోపల ఆగిపోతుంటే తప్పు బోర్డుది కాదు, కేబినెట్‌లో ఎక్కడో తగులుతోంది.

ఏడోది ఎస్‌ఎంపీఎస్. బాగా నడుస్తున్న మరొక కంప్యూటర్ నుంచి తగిన సామర్థ్యం ఉన్న ఎస్‌ఎంపీఎస్‌ను దాని తీగలతో సహా తెచ్చి పెట్టి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి ఫ్యాను తిరిగితే బాగున్నట్టేనని చెబుతుంటారు. ఆ పరీక్ష ఎస్‌ఎంపీఎస్ లేస్తోందని చెబుతుంది గానీ బరువు మోయగలదని చెప్పదు. పైగా ఈమధ్య చాలావాటిలో తీగలన్నీ నల్లగానే ఉంటున్నాయి. కొన్నింటిలో బరువు పడేదాకా ఫ్యాను తిరగదు కూడా. తెలిసినవాళ్లు పక్కన ఉంటే మల్టీమీటరుతో కొలవండి. 12 వోల్టుల దగ్గర 11.4కు తగ్గకూడదు, 12.6కు మించకూడదు.

ఇన్ని చేశాక కూడా నిలబడకపోతే బోర్డో, ప్రాసెసరో అని అనుకోవచ్చు. అప్పుడు దుకాణానికి వెళ్లండి. కానీ ఉత్త చేతులతో కాదు, ఆ నోటుపుస్తకంతో.

"బోర్డు పోయింది బాబూ"

మాకు తెలిసిన ఒక సంగతి చెబుతాం. మన హాస్టల్లోనే ఉండి డిగ్రీ చదివిన ఒక తమ్ముడు స్కాలర్‌షిప్ డబ్బులో మిగిల్చింది, ఇంట్లో రెండు మేకలు అమ్మింది కలిపి విడిభాగాలు కొన్నాడు. వేసవి సెలవుల్లో ఇంట్లో కూర్చుని అకౌంట్స్ పని నేర్చుకోవాలని, చెల్లెలు ప్రవేశ పరీక్షకు చదువుకోవాలని. బిగించాడు. స్విచ్ వేయగానే ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగింది. ఎన్నిసార్లు నొక్కినా అంతే.

పట్నంలోని ఒక దుకాణానికి మోసుకెళ్లాడు. అక్కడ ఒకసారి స్విచ్ వేసి చూసి, "బోర్డు పోయింది బాబూ. నువ్వే బిగించావు కాబట్టి వారంటీ రాదు. ఏడు వేల పైచిలుకు అవుతుంది" అన్నారు. రెండు నిమిషాల పరీక్ష, ఏడు వేల తీర్పు! తమ్ముడు పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని తిరిగి వచ్చాడు. ఇంట్లో వాళ్లు ఒక్క మాట అనలేదట. అనకపోవడమే ఎక్కువ బాధ పెట్టిందని మాతో చెప్పాడు.

మాలో ముగ్గురం ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాం. మేమేమీ ఇంజనీర్లం కాదు. ఒకరు బడిలో పనిచేస్తారు, ఒకరు విద్యుత్ లైన్ల పని చేస్తారు, ఒకరికి మీ-సేవ కేంద్రం ఉంది. పైన చెప్పిన వరుసలోనే వెళ్లాం. గోడ బాగుంది, తీగలు బాగున్నాయి, బటన్ బాగుంది. ఆరో అడుగులో బోర్డును తీసి అట్టపెట్టె మీద పెట్టి నడిపితే నిక్షేపంగా నిలబడింది! ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట. మళ్లీ కేబినెట్ వైపు చూస్తే సంగతి తెలిసింది. బోర్డు రేకుకు తగలకుండా ఎత్తుగా నిలబెట్టడానికి స్టాండాఫ్‌లని ఇత్తడి దిమ్మెలు ఉంటాయి. పెద్ద బోర్డు కొలతకు కంపెనీవాళ్లే ముందుగా బిగించి పంపిన దిమ్మెల్లో ఒకటి, ఈ చిన్న బోర్డుకు రంధ్రం లేనిచోట దాని వెనక భాగానికి నేరుగా గుచ్చుకుంటోంది. ఆ దిమ్మె తీసేశాం. అంతే. ఖర్చు సున్నా.

మేము ఆ దుకాణాన్ని తిట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. నిజాయితీగా పనిచేసే దుకాణాలు, మాకు నేర్పిన మెకానిక్ అన్నలు ఎందరో ఉన్నారు. మా అభ్యంతరమల్లా రుజువు లేని తీర్పు మీద. డాక్టరు ఆపరేషన్ అంటే ఎక్స్‌రే చూపించమని అడుగుతాం కదా. "బోర్డు పోయింది" అంటే కూడా "ఎలా తెలిసింది సార్? అదే ప్రాసెసర్‌ను వేరే బోర్డులో పెట్టి నా ముందు నడిపి చూపించండి" అని మర్యాదగా అడగాలి. మన బట్టలు చూసో, మన మాట యాస చూసో వీళ్లు అడగరులే అనుకునేచోట అడగడమే చదువు.

వారంటీ సంగతి కూడా తెలుసుకోండి. విడిభాగాన్ని అమ్మేదే కొన్నవాళ్లు బిగించుకోవడానికి. బిగించినంత మాత్రాన వారంటీ పోదు. పిన్నులు వంగినా, కాలిన మచ్చలున్నా మాత్రం కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. అందుకే పెట్టెలు, బిల్లులు పారేయకూడదు, జీఎస్టీ బిల్లు లేకుండా కొనకూడదు. డబ్బాలో వచ్చే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు సాధారణంగా మూడేళ్ల వారంటీ ఉంటుంది. అన్యాయం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 నుంచి అమల్లో ఉంది. 5 లక్షల లోపు విలువైన వస్తువుల మీద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ కూడా పెట్టింది. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, దాన్ని వాడేవాడికి వస్తువు లోపల ఏముందో కాస్తయినా తెలిసి ఉండాలి.

కొన్ని అభ్యంతరాలు

"ఇప్పుడు ఎవరికి కావాలన్నా ఈ పెట్టెలు? ఫోను చాలు, ల్యాప్‌టాప్ చాలు" అనే తమ్ముళ్లున్నారు. ఫోను చూడటానికి బాగుంటుంది. నాలుగు పేజీల ప్రాజెక్టు రిపోర్టు టైపు చేయాలన్నా, ట్యాలీ నేర్చుకోవాలన్నా, ప్రోగ్రాం రాయాలన్నా ఫోను మీద ఎంతసేపు కూర్చుంటారు? ల్యాప్‌టాప్ మంచిదే. కానీ చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ బోర్డుకే అతికించి ఉంటుంది, కొన్నింట్లో ర్యామ్ కూడా అంతే. ఒకటి పోతే అంతా పోయినట్టే. బిగించుకున్న కంప్యూటర్‌లో ఈ ఏడు ఒక ర్యామ్, వచ్చే ఏడు మరొకటి వేసుకోవచ్చు. కూలి డబ్బుతో ఇల్లు కట్టుకునేవాళ్లు ఒక్కో గది వేసుకుంటూ పోయినట్టు ఇది మన చేతికి అందే లెక్క.

"కరెంటు సామాను, పిల్లలకేమైనా అయితే?" అని వార్డెన్లు, తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే గోడ వైపు, ఎస్‌ఎంపీఎస్ లోపలి వైపు పెద్దవాళ్లు తెలిసినవాళ్లే చూడాలని మేమూ అంటున్నాం. ఎస్‌ఎంపీఎస్ దాటి బోర్డు వైపుకు వచ్చేది 12 వోల్టులే. అక్కడ మన ఒంటికి షాకు భయం లేదు, సామాను పాడవుతుందన్న భయమే. ఆ జాగ్రత్త నేర్పిస్తే వస్తుంది, తాళం వేస్తే రాదు.

"చేతి పని మళ్లీ మన పిల్లలకేనా? చదువుకుని కుర్చీలో కూర్చోవాలి గానీ" అని కొందరు పెద్దలు బాధపడతారు. ఈ మాట వెనకాల ఉన్న గాయం మాకు తెలుసు. మన తాతలు చేసిన పనికి కూలి దక్కింది గానీ గౌరవం దక్కలేదు. కానీ వాళ్ల చేతుల్లో ఉన్నది అజ్ఞానం కాదు. డప్పు చలికి మెత్తబడి మోగకపోతే మంట దగ్గర ఎంతసేపు కాచాలో, ఎక్కడ ఆపాలో చెవితో చెప్పగలిగినవాళ్లు వాళ్లు. లోపం ఎక్కడుందో వెతకడం, ఒక్కొక్కటిగా సరిచూడటం వాళ్లకు తెలిసిన విద్యే. తప్పు చేతిది కాదు, చేతిని తక్కువగా చూసిన చూపుది. కుర్చీలో కూర్చోండి, తప్పకుండా కూర్చోండి. ఆ కుర్చీ ముందున్న యంత్రం లోపల ఏముందో కూడా తెలిసినవాళ్లుగా కూర్చోండి.

మేము అడిగేది, మేము ఇచ్చేది

చివరగా ఈ సంచిక ద్వారా మూడు విషయాలు అడుగుతున్నాం.

ఒకటి, స్టడీ హాలులో ఒక మూల ఒక బల్ల కేటాయించండి. దాని మీద విప్పడానికి అనుమతి ఉన్న ఒక పాత కంప్యూటర్ ఉండాలి. పాడైతే ఎవరినీ కోప్పడకూడని కంప్యూటర్ అన్నమాట. విప్పి, మళ్లీ బిగించి, నడిపించిన ప్రతి విద్యార్థి పేరూ గోడ మీద రాయండి.

రెండు, ఆ బల్ల సొరుగులో ఒక మంచి స్క్రూడ్రైవర్ సెట్టు, ఒక మల్టీమీటరు, ఒక థర్మల్ పేస్ట్ ట్యూబు, బాగున్న ఒక ఎస్‌ఎంపీఎస్, ఒక ర్యామ్, ఒక పవర్ బటన్ ఉంచండి. అనుమానం వచ్చిన భాగాన్ని మార్చి చూసుకోవడానికి మన పిల్లలు దుకాణం దాకా పోనక్కర్లేదు. ఈ సామాను కొనే ఖర్చు పాత విద్యార్థులం మేము భరిస్తాం. ఆ బాధ్యత ఈ వార్షికోత్సవం నాడే తీసుకుంటున్నాం.

మూడు, నెలకు ఒక ఆదివారం మాలో ఇద్దరు వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చుంటారు. మీ ఇంట్లో, మీ ఊళ్లో ఆగిపోతున్న కంప్యూటర్ ఏదైనా ఉంటే తీసుకురండి. మేము బాగు చేసి ఇవ్వం. మీరు బాగు చేస్తుంటే పక్కన కూర్చుంటాం. చెల్లెళ్ల హాస్టల్‌కు కూడా మాలోని అక్కలు ఇదే పద్ధతిలో వెళ్తారు. స్క్రూడ్రైవర్‌కు ఆడా మగా తేడా లేదు.

రాబోయే ఆదివారాల్లో వచ్చేటప్పుడు మీరు తేవలసింది ఒక్కటే, నోటుపుస్తకం. అందులో మొదటి పేజీలో రాసుకుని రండి: ఎన్ని సెకన్లకు ఆగుతోంది?

మిగతాది కలిసి చూద్దాం.


హాస్టల్ పాత విద్యార్థుల బృందం